కెమెరా అవతలి గద్ద

తెర మీద మళ్ళీ అదే వరస.

"మీ గదిలో వెలుతురు చాలడం లేదు. పరీక్ష ఆపాను. సరిచేసుకుని 'రెడీ' అని రాయండి."

"పట్టపగలు వెలుతురు చాలకపోవడమేంటి, నీ మొహం!" అంది ఆమె పైకే.

తెర మూలన తన మొహం తనకే కనిపిస్తోంది. ఇంట్లోంచే రాసే పరీక్ష కదా, కాపీ కొట్టకుండా అవతల ఎక్కడో ఒక మనిషి కూర్చుని ఆ మొహాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఆ మనిషికి పేరు లేదు, నంబరే. పరిశీలకులు: ముప్పై ఒకటి.

ఆమె పెట్టుకున్న పేరు గద్ద.

ఆమెది చొక్కాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పది గంటలు నిలబడి కుట్లూ గుండీలూ సరిచూసే పని. నలభై ఒకటో ఏట ఆన్‌లైన్ డిగ్రీలో చేరిందని తెలిసి ఫ్యాక్టరీ అంతా "కాలేజీ పిల్ల" అని పేరు పెట్టింది.

"ఏం కాలేజీ పిల్లా, హోంవర్కు చేశావా?"

అననీ అనుకుంది. ఈ ఏడు డిగ్రీ చేతికొస్తే సూపర్‌వైజర్‌ని చేస్తానని మేనేజర్ మాటిచ్చాడు. సూపర్‌వైజర్‌కి పొద్దుటి షిఫ్టు ఒక్కటే. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చెయ్యొచ్చు, నాన్న దగ్గరికి.

లైటు వేద్దామని లేచి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో నాన్నే ఉన్నాడు.

"అమ్మాయ్, మీ అమ్మ ఇంకా రాలేదేం?"

అమ్మ పోయి మూడేళ్ళయింది.

"వస్తుంది నాన్నా. దా, మంచం మీద కూర్చుందువుగాని."

"నాకు చెప్పకుండా ఎక్కడికెళ్ళింది?"

"కూరగాయలకి. నీకిష్టమైనవే తెస్తానంది."

ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, చెదిరిన జుట్టు సర్ది వచ్చింది. 'రెడీ' అని రాసింది. ఆగిన గడియారం ఆగిన చోటి నుంచే కదిలింది.

చివరి ఏడాది ఐదు పేపర్లు, ఆదివారానికొకటి. నాలుగింటిలోనూ ఇదే తంతు. ఒకసారి వెలుతురు, ఒకసారి కెమెరా వంకర, ఇంకోసారి మైకు. పరీక్ష ఆగడం, రాస్తున్న ఆలోచన పుటుక్కున తెగిపోవడం, తిరిగి చూస్తే నాన్న. రెండు కష్టాలూ కూడబలుక్కుని వస్తున్నాయనుకునేది. గడియ పెట్టుకుందామంటే, మూసిన తలుపు చూసి నాన్న చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు.

నిజానికి వారం మొత్తంలో ఆమె మొహం వంక మూడు గంటలపాటు చూసేది ఆ గద్ద ఒక్కటే. ఆ సంగతి తలుచుకుంటే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

"ఫిర్యాదు పెట్టవే," అంది ఇస్త్రీ సెక్షన్ అక్క, టీ తాగుతూ.

"పాపం, ఉద్యోగం పోతుందేమో అక్కా."

"నీ డిగ్రీ పోతేనో? ఊరుకున్నకొద్దీ నెత్తికెక్కుతారు."

ఆ సాయంత్రమే రాసి పంపింది. "ముప్పై ఒకటో నంబరు పరిశీలకులు కారణం లేకుండా నా పరీక్షలు పదే పదే ఆపుతున్నారు. నా మీద కక్ష ఉన్నట్టుంది. దయచేసి మార్చండి."

పంపాక కాస్త గర్వంగా కూడా అనిపించింది. తన తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేనప్పుడు తనే మాట్లాడుకోవాలి మరి.

ఐదో పేపరు. పరిశీలకులు: యాభై ఎనిమిది.

గంటసేపు ఒక్క ఆటంకం లేదు. వేళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఇన్నాళ్ళకి పరీక్షని పరీక్షలా రాస్తున్నాననుకుంది.

వెనక తలుపు కిర్రుమంది.

"అమ్మాయ్, మీ అమ్మ..."

తెర ఎర్రబడింది.

"గదిలో వేరే వ్యక్తి ఉన్నారు. పరీక్ష రద్దయింది."

"అయ్యో, ఆయన మా నాన్నండీ! ఆయనకేం తెలీదు!"

తెరతో మొరపెట్టుకుంది. 'రెడీ' అని నాలుగుసార్లు రాసింది. జవాబు లేదు.

నిబంధనల కాగితం వెతికి తెరిచింది. పన్నెండు పేజీలు. చేరిన రోజున, అందరిలాగే, చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' నొక్కేసింది. ఏడో పేజీలో ఉంది. పరీక్ష నడుస్తుండగా ఇంకో మనిషి కనిపించినా, గొంతు వినిపించినా పేపరు రద్దు. మళ్ళీ రాయడం వచ్చే ఏడాదే.

సూపర్‌వైజర్ ఉద్యోగం అంతదాకా ఆగదు.

వెళ్ళి నాన్న మంచం మీద కూర్చుంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అన్నాడాయన, తల నిమురుతూ. "మీ అమ్మ వచ్చేస్తుందిలే."

మర్నాడు ఫిర్యాదుకి జవాబు వచ్చింది.

"మీరు రాసిన నాలుగు పేపర్ల రికార్డింగులూ చూశాం. మీ వెనక తలుపు కదిలిన ప్రతిసారీ, ఆ పెద్దాయన లోపల అడుగు పెట్టకముందే, ముప్పై ఒకటో నంబరు లేని కారణం చూపించి పరీక్ష ఆపారు. ఇది నిబంధనలకి విరుద్ధం కాబట్టి వారిని ఉద్యోగంలోంచి తీసేశాం. ఇందులో మీ తప్పు లేదు, ఆ నాలుగు పేపర్లూ చెల్లుతాయి. వారి సంజాయిషీ జతచేస్తున్నాం."

సంజాయిషీ అంతా కలిపి ఒక్క వాక్యమే.

"ఆ పెద్దాయన ఎన్నిసార్లు తలుపు తీసినా ఆ అమ్మాయి ఒక్కసారి కూడా విసుక్కోలేదండీ, మా అమ్మ ఇలాగే వచ్చి నిలబడితే నేను కసిరి పంపేసేదాన్ని."