ఎర్ర పీలిక

"మళ్ళీ అదే పుస్తకమా!" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు.

ఆదివారం గ్రంథాలయంలో అందరూ గుండ్రంగా కూర్చుని, ఏం చదువుతున్నారో ఒక్కొక్కరే చెప్పుకుంటారు. టైలరమ్మ వంతు వచ్చినప్పుడల్లా ఇదే గోల.

"అదేనండీ. మళ్ళీ చదువుతున్నా," అందామె, ఆ లావు నవలని ఒళ్ళో అదిమిపెట్టుకుంటూ.

"అయితే చెప్పు, చివర్లో ఆ పడవవాడు ఇల్లు చేరతాడా, లేదా?"

"నాకేం తెలుసు? చివరిదాకా వెళ్ళలేదుగా!"

"చివరిదాకా వెళ్ళకుండానే మళ్ళీ చదవడమేంటి తల్లీ? బట్ట కత్తిరించకుండానే గుండీలు కుట్టేస్తావా?"

మళ్ళీ నవ్వులు. మాస్టారికి ఊపొచ్చింది. "ఇక్కడ వీళ్ళంతా ఆ పుస్తకం కోసం కాచుక్కూర్చున్నారు. ఇచ్చెయ్. ముగింపేగా నీక్కావాల్సింది, నేను చెప్తా. ఆ పడవవాడు..."

టైలరమ్మ దిగ్గున లేచింది. "మాస్టారూ! ఇంకొక్క ముక్క బయటికొచ్చిందంటే మర్యాద దక్కదు. కావాలంటే గ్రంథాలయం జాబితాలో నా పేరు కొట్టేసుకోండి. పుస్తకం మాత్రం ఇవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

విసవిసా ఇంటికొచ్చేసింది.

మంచం మీద మామగారు ఎదురుచూస్తున్నారు. ఇక మందులు పనిచెయ్యవని డాక్టరు తేల్చేసిన రోజున, ఈ నవల మొదటి పేజీ విని ఆయన ఒకటే మాటన్నారు. "దీని ముగింపు వినందే నేను పోనమ్మా." కోడలు ఆ మాటనే పట్టుకుంది. రోజూ చదివి వినిపిస్తుంది. ఆయన కునుకు తియ్యగానే, గుర్తుగా పెట్టిన ఎర్ర గుడ్డపీలికని కాస్త వెనక్కి జరిపేస్తుంది. ఎంత జరిపినా కథ ముందుకే జారుతోంది. ఇక మిగిలింది ఆఖరి అధ్యాయం.

"ఏంటమ్మా, ముఖం అలా ఎర్రబడింది?"

"మాస్టారితో పోట్లాడి వచ్చా మావయ్యా."

"గెలిచావా?"

"పుస్తకం నా దగ్గరే ఉందిగా!"

"శభాష్! అదిలా పెట్టి, మంచినీళ్ళు తాగొచ్చి మొదలెట్టు."

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. పుస్తకం దుప్పటి మీద ఉంది. పీలిక ఉన్నచోట తెరిచింది.

మొదటి పేజీ!

కళ్ళు తెరవకుండానే మామగారు గొణిగారు. "రోజుకి రెండేసి పేజీలేనా వెనక్కి జరిపేది? మరీ ఇంత పిసినారిదానివేంటమ్మా నువ్వు!"