గుల్ల మోత

ముత్యం ముప్పై అయిదేళ్లు గోదావరిఖని బొగ్గు బాయిలో పనిచేశాడు. బాయిలో కప్పును కర్రతో కొట్టి చూస్తారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. గుల్లగా మోగిందా, కూలబోతున్నట్టే, కిందున్నవాళ్లు ఉరకాల్సిందే. చీమ తుమ్మినా ఏ బండ మీద తుమ్మిందో ముత్యం చెప్పేవాడట.

రిటైరయ్యాక, భార్య సారవ్వతో రామగుండంలో ఢిల్లీ రైలు ఫస్టు ఏసీ ఎక్కాడు. గదిలో వాళ్లిద్దరే. మీది బెర్తు ఎక్కిన సారవ్వ, పరుపు మెత్తదనానికి సగం మునిగిపోయింది.

నడిరాత్రి ముత్యానికి నిద్ర రాలేదు. అలవాటు కొద్దీ చేతికర్రతో రైలు కప్పును కొట్టాడు. ఖంగుమంది. సారవ్వ పడుకున్న చోట పైకప్పును కొట్టాడు. గుల్లగా మోగింది.

"సారవ్వా, జల్ది దిగు!"

"ఏందయ్యా, ఇది రైలా, నీ బాయా? డ్యూటీ ఇంక ఇడువవా?"

తిట్టుకుంటూనే ఆమె దిగి, గది బయట రైలు వరండాలో నిలబడింది. ముత్యం ఆ బెర్తు మీది కప్పును మళ్లీ కొట్టాడు. ఈసారి ఖంగుమంది.

"చూసినవా? ఉత్తగనే లేపినవ్," అని సారవ్వ నవ్వింది.

ముత్యమూ నవ్వాడు. నవ్వుతూనే వరండాలో ఆమె నెత్తి మీది కప్పును కొట్టాడు.

గుల్ల.

ఆమెను రెండడుగులు జరిపి కొట్టాడు. గుల్ల. ఆమె వదిలిన చోట కొడితే ఖంగుమంది.

"ఇప్పుడేమంటున్నది నీ కర్ర?"

"మంచిగనే ఉన్నదంటున్నది," అన్నాడు ముత్యం.

కర్ర కింద పడేసి, మునివేళ్ల మీద లేచి, ఆమె తల మీది కప్పుకు రెండు చేతులూ ఆనించి, బాయిలో కప్పుకు పెట్టే గుంజలా నిలబడ్డాడు.

ఢిల్లీ ఇంకా ఒక పగలంత దూరం ఉంది.