తమ్ముడి చెయ్యి

బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని విన్నాడు అన్నయ్య. టక్, టక్, టక్. మళ్లీ అదే చప్పుడు.

నిన్ననే కదా డిస్ట్రిబ్యూటర్ తిప్పి, ప్లగ్గులు నిప్పు రాజేసే టైమింగ్ సరిచేశాడు! తెల్లారేసరికి దానంతటదే ఎలా తప్పుతుంది? ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి. తను కాక ఇంట్లో స్పానర్ పట్టడం తెలిసింది ఒక్కడికే. తమ్ముడికి.

నాన్న పోతూ పోతూ ఇద్దరికీ కలిపి వదిలిన కారు అది. పైవాటా తమ్ముడిది, కిందివాటా అన్నయ్యది, కారు మాత్రం ఉమ్మడి. దాని బాగోగులన్నీ అన్నయ్యవే. "లైట్లు పెట్టి టైమింగ్ చూడడం చెవుల్లేనివాళ్ల పనిరా. ఇంజన్ మాట్లాడుతుంది, మనం వినాలంతే" అనేవాడు. పక్కన నిలబడి తమ్ముడూ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ విద్యే తన మీద ప్రయోగిస్తున్నాడు.

ఎందుకో కూడా తెలుసు. "పాతబడిపోయింది అన్నయ్యా, అమ్మేద్దాం" అన్నాడు ఆమధ్య. అన్నయ్య ససేమిరా అన్నాడు. అప్పటినుంచే ఇల్లు ఇల్లులా లేదు. మెట్ల మీద తమ్ముడూ మరదలూ గుసగుసలు. తను గదిలోకి అడుగుపెడితే గొంతులు తగ్గిపోతాయి. ఆఖరికి కట్టుకున్న భార్య కూడా వాళ్లతో నోట్లో నోట్లోనే మాట్లాడుతోంది. "ఏంటి, ఏదో అంటున్నావు?" అంటే, "ఏం లేదులెండి" అంటుంది.

అంటే అందరూ ఒకటయ్యారన్నమాట.

ఎవరైనా తిప్పితే తెలిసిపోయేలా డిస్ట్రిబ్యూటర్ నుంచి ఇంజన్ మీదికి ఎర్రరంగుతో గీత గీశాడు. మర్నాడు గీత చెక్కుచెదరలేదు. చప్పుడు మాత్రం ఉంది. 'గీత చూసి జాగ్రత్తపడ్డాడు. లోపలెక్కడో కెలికాడు' అనుకున్నాడు.

ఆదివారం నిలదీశాడు.

"ఎందుకురా ఈ నాటకం? బండి పాడైపోయిందని నన్ను నమ్మించి అమ్మించడానికా?"

తమ్ముడు తెల్లబోయాడు. "ఒట్టు అన్నయ్యా, నాకే చప్పుడూ వినపడట్లేదు."

"నీకెందుకు వినపడుతుంది! చేసింది నువ్వేగా."

తమ్ముడు తలదించుకుని ఏదో గొణిగాడు. గట్టిగా చెప్పే ధైర్యం లేదు కాబోలు!

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడివి నా కళ్లముందు ఉండొద్దు. పో!"

సాయంత్రానికి పైవాటా ఖాళీ అయింది. వెళ్తూ వెళ్తూ మరదలు తోడికోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది. అన్నయ్య గది దాటి రాలేదు. చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడు!

మర్నాడు రుజువు కోసం మెకానిక్ షెడ్డుకెళ్లి టైమింగ్ లైటు అడిగి తెచ్చాడు. భార్యని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి స్టార్ట్ చెయ్యమన్నాడు. మొదటి ప్లగ్గు వైరుకి లైటు తగిలించి, తిరుగుతున్న పుల్లీ మీదికి కొట్టాడు. పుల్లీ మీది తెల్లగీత సూచిక ముల్లుకి సరిగ్గా ఎదురుగా నిలబడింది. టైమింగ్‌లో వెంట్రుకవాసి తేడా లేదు.

అయినా టక్, టక్, టక్.

"పుల్లీ మీది గీత కూడా మార్చేశాడు, దొంగ వెధవ!" అని పళ్లు కొరికాడు. లైటు పీకి పక్కన పడేశాడు. రెండడుగులు వెనక్కి జరిగి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"విను! నా తమ్ముడు నాకు చేసిన ద్రోహం ఎలా మోగుతోందో విను! ఏదీ, ఇంకొంచెం రేజ్ చెయ్యి!"

టక్, టక్, టక్.

భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. భార్య పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. అతని చెవి దగ్గరగా నోరు పెట్టి, అరిచినంత గట్టిగా చెప్పింది:

"బండి ఎప్పుడో ఆపేశానండీ!"