కత్తిరించిన వేళ్లు

బొమ్మకు నొప్పి తెలుస్తుందా అన్న అనుమానం ఫ్రేములు కట్టే ఆయనను పన్నెండేళ్లుగా వదల్లేదు. అప్పట్లో పంతులమ్మగారు తెచ్చిన పాతకాలపు మొక్క బొమ్మ ఫ్రేములో పట్టకపోతే, అడుగున వేళ్లున్న భాగాన్ని కత్తిరించేశాడు.

"మొక్క కాళ్లు నరికేశావు కదయ్యా. ఆ ముక్కైనా దాచి, తీరిక చూసుకుని అతికించి పెట్టు," అందామె నవ్వుతూ. సరేనన్నాడు గానీ తీరిక దొరకలేదు.

ఆరు నెలల క్రితం కూతురి కాళ్లు చచ్చుబడ్డాయి. తిరగని ఆసుపత్రి లేదు, దండం పెట్టని దేవుడు లేడు. నిన్న అద్దం పగిలిందని అదే బొమ్మ మళ్లీ కొట్టుకు రాగానే, పంతులమ్మ మాట గుండెలో గుచ్చుకుంది.

రాత్రి ఇంటి ముందుగదిలోని కొట్లో ఒక్కడే కూర్చుని సొరుగు లాగాడు. ముక్క ఉంది. కానీ గీసిన వేళ్లు అదే గోధుమరంగు సిరాతో కాగితం అంచు దాటి, సొరుగు చెక్క మీదికి పాకి ఉన్నాయి.

"స్వామీ, ఇది నీ పనేనా?" అని గొణుక్కుంటూ, జిగురు రాసి బొమ్మకు అతికించాడు. గీతకు గీత కలిసింది. పన్నెండేళ్ల బాకీ తీరింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"నాన్నా, నా కాళ్లకి ఏదో తగులుతోంది."

ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏం తగులుతోంది తల్లీ?"

మంచం మళ్లీ కిర్రుమంది.

"తడి మట్టి."