కాటా మాట

"మళ్లీ చెత్తే," అన్నాడు యజమాని, కంప్యూటర్ తెరని గోటితో కొడుతూ. "నెల తిరక్కుండా ఇది మూడోసారి. మీ కంపెనీ నిన్ను పనికి పంపిస్తోందా, షికారుకి పంపిస్తోందా?"

అంకెలు రావలసిన చోట ప్రశ్నార్థకాలూ, వంకర గీతలూ కనిపిస్తున్నాయి. టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది. మాట పడ్డందుకు కొంత, మళ్లీ ఈ కంపులో నిలబడాల్సి వచ్చినందుకు ఇంకొంత. రొయ్యలు ఒలిచే షెడ్డు అది. నేలంతా తలకాయలూ, పొట్టూ, జారే నీళ్లూ. పోయినసారి ఇంటికెళ్లి తలారా స్నానం చేసినా, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి మళ్లీ కంచంలోనే పడేసింది ఆమె.

నిజానికి పని చిటికెలోది. కాటా ముసలిది, కంప్యూటర్ కొత్తది. కాటా నింపాదిగా అంకెలు పంపిస్తే కంప్యూటర్ గబగబా చదివి పాడు చేసుకుంటుంది. మధ్యలో కన్వర్టర్ డబ్బా పెట్టి, దాని బుల్లి స్విచ్‌లని ఇటు కాటా వేగానికీ, అటు కంప్యూటర్ వేగానికీ సరిపెడితే ఇద్దరికీ పొత్తు కుదురుతుంది. వచ్చినప్పుడల్లా శుభ్రంగా సరిపెట్టే వెళ్లింది. స్విచ్‌లకి కాళ్లు లేవు కదా.

"అంకెలు రానప్పుడు తూకాలు ఎవరు ఎక్కిస్తున్నారండీ?"

"మన సూపర్‌వైజరే. కాటా చూసి చేత్తో కొడతాడు. పాపం విసుక్కోడు కూడా," అని యజమాని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ సూపర్‌వైజర్‌ని చూస్తేనే ఆమెకి పరమ అసహ్యం. ముక్కుపొడి పీలుస్తాడు, రుమాల్లో చీదుతాడు, అదే రుమాలుతో కాటా పళ్లెం తుడుస్తాడు. పొద్దున ఆ చేత్తోనే టీ గ్లాసు అందిస్తే "అలవాటు లేదండీ" అని అబద్ధమాడి మొహం తిప్పుకుంది.

డబ్బా మూత తీసింది. స్విచ్‌లన్నీ తారుమారుగా ఉన్నాయి. సందుల్లో గోధుమరంగు పొడి. ఏమిటా అని దగ్గరికి వంగి, గట్టిగా తుమ్మింది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ముక్కుపొడి పట్టిచ్చేసింది.

తీగలు సర్దుతున్నట్టు నటిస్తూ ఆమె అక్కడే కూర్చుంది. ఒలిచే ఆడవాళ్లు తట్టలతో కాటా దగ్గరున్న సూపర్‌వైజర్ ముందుకి వరసగా వస్తున్నారు. ఎంత ఒలిస్తే అంత కూలి.

"బాబాయ్, మోకాలు ఎలా ఉంది?" అంది ముందున్నావిడ.

"ఉంది తల్లీ, ఎక్కడికీ పోలేదు," అన్నాడాయన. కాటా మీద నాలుగున్నర కిలోలు పడింది. ఆయన అయిదు కొట్టాడు. తర్వాతి తట్టకి తొమ్మిది పడితే పది కొట్టాడు.

టెక్నీషియన్ లేచి నిలబడింది. "వాటా ఎంతండీ?"

"దేనికమ్మా?"

"ఎక్కువ రాస్తున్నందుకు. మీరు వీళ్లకి ఊరికే రాసిపెట్టరుగా."

ఆయన చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. "మెల్లగా మాట్లాడండి. ఉద్యోగం పోతే ఈ వయసులో నన్నెవరూ పెట్టుకోరు. ఇంటిదానికి మందులు ఆగిపోతాయి. అసలు ఆ కాటా..."

గది తలుపు చప్పుడైంది. యజమాని రావడం చూసి ఆయన నోరు మూసుకున్నాడు.

చేసేదంతా చేసి, పట్టుబడ్డాక పెళ్లాం మందులంటాడా అని ఆమెకి వెగటు పుట్టింది. మార్చిన స్విచ్‌లూ, కొట్టిన దొంగ అంకెలూ పూసగుచ్చినట్టు యజమానికి చెప్పేసింది.

యజమాని అరవలేదు. "తాళాలు ఇచ్చేసి వెళ్లు," అన్నాడు.

సూపర్‌వైజర్ తాళాలు బల్ల మీద పెట్టి, రుమాలు జేబులో కుక్కుకుని, తడి నేల మీద కుంటుతూ వెళ్లిపోయాడు. ఆడవాళ్లలో ఒకావిడ టెక్నీషియన్ కాళ్ల దగ్గర తుపుక్కున ఉమ్మింది. అప్పనంగా వచ్చేది ఆగిపోయిందని ఏడుపు కాబోలు అనుకుని ఆమె పక్కకి జరిగింది.

స్విచ్‌లు సరిచేసి, డబ్బాకి తాళం వేసింది. ఒక తట్ట పెట్టించింది. కాటా మీద మూడు కిలోల ఆరు వందలు, తెర మీదా మూడు కిలోల ఆరు వందలు. రెండు చోట్లా ఒకే అంకె వస్తే పని పూర్తయినట్టే. ఆమె వృత్తిలో అంతకు మించి చూడరు. కాటా లోపల ఏముందో వాళ్లకి అనవసరం.

యజమాని మొహం వెలిగిపోయింది. లోపలికెళ్లి సీలు వేసిన ప్యాకెట్ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంటికి పట్టుకెళ్లమ్మా. పెద్ద హోటళ్లకి పంపే సరుకు. సరిగ్గా కిలో. ఒక్క గ్రాము తగ్గినా పెట్టెలకి పెట్టెలు తిప్పికొడతారు వెధవలు. అందుకే ప్యాకింగ్ గదిలో కాటా వేరే పెట్టాను."

ఫోను మోగితే మాట్లాడుకుంటూ ఆయన బయటికి నడిచాడు. ఆమె సంచీ భుజాన తగిలించుకుంది. వెళ్లేముందు ఇంకొక్కసారి చూసుకుంటే పోతుందని చేతిలోని ప్యాకెట్‌ని కాటా మీద పెట్టింది.

కాటా మీదా, తెర మీదా ఒకే అంకె పడింది: తొమ్మిది వందల గ్రాములు.