తొట్టి అంచున ఉప్పు

చచ్చి తేలిన సముద్రపు చేపను వరప్రసాద్ దోసిట్లోకి తీసుకున్నాడు. గీతలు పడ్డ ఆ పాత అక్రిలిక్ తొట్టిని మద్రాసులో కొని, మదనపల్లెకు తెచ్చింది కూతురి ముచ్చట కోసం. ఆ పిల్ల విరేచనాలతో పోయి నెలయింది.

“నీళ్ళు తగ్గితే ఏం పోస్తాండావు విమలా?”

“మీరు క్యాన్లలో తెచ్చిన సముద్రపు నీళ్ళే,” అంది భార్య.

“ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఆడనే ఉంటాది. మంచినీళ్ళు పోసుండాల. ఉప్పెక్కువై సచ్చిపోయింది.”

విమల తొట్టి అంచును వేలితో తడిమింది.

“ఉప్పు, చక్కెర నీళ్ళలో కలిపి పాపకు తాపమనింది నర్సమ్మ. చిటికెడు ఉప్పు చాలనింది. తొందరగా తగ్గుతాదని నేను గ్లాసు గ్లాసుకూ చెంచాడేసినాను. ఉప్పగుందమ్మా అని ఏడ్చినా తాపించినాను. ఏమండీ, పాప కూడా...”

“చేపకేదో రోగమొచ్చిందిలే విమలా,” అన్నాడు వరప్రసాద్, తొట్టి అంచున పేరుకున్న ఉప్పును గబగబా తుడిచేస్తూ.