వాపసు

ఫోను మోగిందనుకుని ప్రియదర్శిని పరుగెత్తింది. చేతిలోని గరిటె జారి నేలంతా కారం పరుచుకుంది.

మోగింది ఫోను కాదు, సందులో పోతున్న ఐసు బండి గంట.

“ఏంది టీచరమ్మా, పొద్దున్నుంచి కాలుకాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావ్?”

పక్క కొట్లోంచి ఓబులేసు అడిగాడు. నంద్యాల సంజీవనగర్‌లో ఆయనది టైలరింగ్ కొట్టు. ఆమె బడి ఉద్యోగం మానేసి కారప్పొడుల వ్యాపారం పెట్టినా, ఆయనకింకా టీచరమ్మే.

“రివ్యూ రావాలన్నా. ఆరు గంటల దాకే టైము.”

“అదేందీ?”

“చెప్పినా నీకు అర్థం కాదులేన్నా.”

ఆ మాటకొస్తే ఆమెకు మాత్రం పూర్తిగా అర్థమైందా ఏమిటి? తిన్నవాళ్లు బాగుందని రాస్తేనే ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లు కొంటారట. కొంటేనే కదా తినేది, రాసేది! అందుకని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే కంపెనీవాళ్లే ఒక ఉపాయం పెట్టారు. ఎవరో కొందరిని వాళ్లే ఏరి, ఆమె చేసిన గురెళ్ల కారం, అదే వెర్రినువ్వుల పొడి, ఉచితంగా పంపించారు. తిన్నవాళ్లు ఎలా ఉందో రాయాలి. కానీ వాళ్లెవరో ఈమెకు చెప్పరు, ఈమె వెతుక్కుంటూ పోయి అడగకూడదు. పెళ్లికొడుకెవరో చెప్పకుండా పిల్లను ముస్తాబు చేయమన్నట్టుంది యవ్వారం.

అంతకుముందు కొన్న నలుగురూ నోరు మెదపలేదు. ఇక ఆశంతా వీళ్ల మీదే.

ఈ సాయంత్రంతో గడువు సరి. ఒక్క రివ్యూ, ఒకే ఒక్కటి వస్తే చాలు, కారం నలుగురి కళ్లబడుతుంది. రాకపోతే వ్యాపారం మూసేసి మళ్లీ బడిలో చేరతానని భర్త డేవిడ్‌కు మాటిచ్చింది. ఆ బడి గుర్తొస్తేనే ఆమెకు ఊపిరాడదు.

మూడింటికి చూసింది. రాలేదు.

మూడుంపావుకు చూసింది. రాలేదు.

నాలుగు దాటాక గడపలో ఎవరో నిలబడ్డారు. అరవై దాటిన ఆడమనిషి. ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతోంది. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత మీద ప్రియదర్శిని అతికించిన లేబులే.

“ఈ కారం చేసేది నువ్వేనా పాపా? నా పేరు అనసూయమ్మ. ఆళ్లగడ్డ నుంచి వస్తాండా. దీని మీద అడ్రసు చూపిచ్చుకుంటా, అడుక్కుంటా వచ్చినా.”

“ఏం కావాలవ్వా?”

“వాపసు ఇచ్చేకి వచ్చినా.”

ప్రియదర్శిని గడపకు అడ్డంగా నిలబడింది. ఈ రోజే తగలాలా ఈ గండం!

“ఈడ వాపసు తీసుకోమవ్వా. ఏమున్నా ఫోన్లోనే పెట్టాల.”

“ఫోన్లో పెట్టేది నాకేం తెలుసు పాపా? ఒక్క మాట చెప్పి పోతా...”

“ఏం చెప్పొద్దు! కారం ఎక్కువంటావ్, ఉప్పు తక్కువంటావ్. సగం తినేసి వాపసంటే ఎట్లవ్వా?”

“సగమేంది, అంతా తింటిమి కదా.”

“అంతా తిని వాపసా! బాగుందిలే నీ న్యాయం!”

ముసలామె బిత్తరపోయింది. డబ్బా మూత తీయబోయింది.

అప్పుడు లోపల ఫోను నిజంగానే మోగింది. ప్రియదర్శిని ఆమె ముఖం మీదే తలుపేసి పరుగెత్తింది.

రీఛార్జి అయిపోతోందని మెసేజి.

కాసేపయ్యాక మళ్లీ తలుపు తీసేసరికి గడపలో ఎవరూ లేరు. పక్కన ఓబులేసు కొట్టుకూ సగం షట్టరు దించి ఉంది.

పీడా పోయిందనుకుంది. అనుకున్నాక సిగ్గేసింది. ఆ వయసు మనిషికి గుక్కెడు మంచినీళ్లయినా ఇవ్వకపోయింది. కానీ నిలబడి బాధపడే తీరిక యాడుంది? మళ్లీ ఫోను తీసి చూసింది.

అయిదైంది. అయిదున్నరైంది. ఆమె కూర్చోలేదు, నిలబడలేదు. ఊడ్చిన నేలనే మళ్లీ ఊడ్చింది.

ఆరు గంటలకు గడువు ముగిసిందని మెసేజి వచ్చింది. రివ్యూలు ఒక్కటీ రాలేదని కూడా అందులోనే ఉంది.

ప్రియదర్శిని హెడ్మాస్టరుకు ఫోను చేసింది. “సోమవారం నుంచి వస్తా సార్” అంది.

కారం అంటిన చేత్తోనే కళ్లు తుడుచుకుంది. భగ్గుమన్నాయి. పోనీలే, ఏడవడానికి ఒక సాకు దొరికింది.

బయట స్కూటరు ఆగింది. ఓబులేసు రుసరుసలాడుతూ లోపలికొచ్చాడు.

“ఆ ముసలామెను అట్ల తరిమితివేంది టీచరమ్మా? నా కొట్లో కూచోబెట్టి నీళ్లిచ్చి, ఆళ్లగడ్డ బస్సెక్కిచ్చి వస్తాండా. ఇద్దో, నీకు ఇయ్యమనింది.”

అదే స్టీలు డబ్బా. చేతికి బరువుగా తగిలింది. మూత తీసి చూస్తే అంచుల దాకా కందిపప్పు.

“వాపసు అనిందే?”

“డబ్బా వాపసు తల్లీ! తినేకి పంపినోళ్ల గిన్నె ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా? వట్టి గిన్నె ఇస్తారా? వాళ్ల చేన్లో పండిన పప్పంట.”

“పంపేదేంది? కొన్నాక డబ్బా కూడా వాళ్లదే కదన్నా.”

“ఆమె యాడ కొనిందమ్మా? ఉత్తగా పంపిస్తాం, తిని ఎట్లుందో చెప్పండని కోడలి ఫోనుకు మెసేజి వచ్చిందంట. ‘ఇంత కమ్మని కారం పెట్టిన తల్లికి ఫోన్లో చెప్తే ఏం మర్యాద, ఎదురుగా పోయి చెప్పాల’ అని బస్సెక్కి వచ్చిందంట, పాపం!”